బస్సు దాకా వెళ్లిన కథ

షాన్ పెన్ తీసిన ‘ఇన్‌టు ది వైల్డ్’ 2007 సెప్టెంబరులో విడుదలయ్యే నాటికి ఆ కథ పదిహేనేళ్ల పాతది. ముందు దినపత్రికలు, తర్వాత ఒక మాసపత్రిక, ఆపైన ఒక పుస్తకం దాన్ని చెప్పేశాయి. అన్నిట్లోనూ ఆ కుర్రవాడే. ఎందుకు వెళ్లిపోయాడు, ఎలా చచ్చిపోయాడు అన్న రెండు ప్రశ్నలకు జవాబులే మారుతూ వచ్చాయి. సినిమా వచ్చాక కూడా మారాయి.

క్రిస్ మెకాండ్లెస్ వర్జీనియాలో కలిగిన ఇంటి బిడ్డ. 1990లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ ముగించి, బ్యాంకులో ఉన్న సుమారు 24 వేల డాలర్లు ఆక్స్‌ఫామ్ సంస్థకు ఇచ్చేసి, ఇంట్లో మాటమాత్రం చెప్పకుండా కారెక్కాడు. అరిజోనా ఎడారిలో వాననీటికి కారు మొరాయిస్తే అక్కడే వదిలేశాడు. జేబులో ఉన్న నోట్లు తగలబెట్టాడు. పేరు కూడా మార్చుకుని ‘అలెగ్జాండర్ సూపర్‌ట్రాంప్’ అయ్యాడు. దక్షిణ డకోటాలో ధాన్యం గిడ్డంగిలో కూలి చేశాడు, కొలరాడో నది మీద చిన్న పడవేసుకుని మెక్సికో దాకా పోయాడు. 1992 ఏప్రిల్ 28న అలాస్కాలో స్టాంపీడ్ ట్రెయిల్ అనే అడవిదారి మొదట్లో దిగాడు. దగ్గరున్నవి ఐదు కిలోలకు లోపే బియ్యం, ఒక చిన్న రైఫిల్, కొన్ని పుస్తకాలు. అక్కడి దాకా బండిలో తెచ్చినాయన ఆ వాలకం చూసి జాలిపడి తన రబ్బరు బూట్లు ఇచ్చి పంపాడు.

సమాజాన్ని కాదనుకున్నవాడికి అడవిలో దొరికిన గూడు ఏమిటయ్యా అంటే ఒక సిటీ బస్సు. ఫెయిర్‌బ్యాంక్స్ ఊళ్లో తిరిగిన 142వ నంబరు బస్సు, 1946 నాటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్. 1960ల మొదట్లో ఆ దారిని రోడ్డుగా మార్చే పని పట్టిన కంపెనీ కూలీలు పడుకోవడానికి దాన్ని ఈడ్చుకొచ్చింది. రోడ్డు పూర్తికాలేదు, బస్సు మిగిలిపోయింది. జులైలో మెకాండ్లెస్ తిరుగుముఖం పట్టాడు. ఏప్రిల్‌లో తేలిగ్గా దాటిన టెక్లనికా నది మంచు కరిగి ఉరకలెత్తుతోంది. వెనక్కి వచ్చేశాడు. నీటిమట్టం కొలిచేవాళ్లు వాడే, తీగ మీద చేత్తో లాక్కునే తొట్టె ఒకటి కాస్త దిగువనే ఉంది. చేతిలో సరైన మ్యాపు లేదు గనక ఆ సంగతి అతనికి తెలియదు. సెప్టెంబరు 6న వేటగాళ్లు చూసేసరికి బస్సులో శవం ఉంది, బరువు ముప్ఫై కిలోలు.

1993 జనవరిలో ‘అవుట్‌సైడ్’ పత్రికలో జాన్ క్రాకౌర్ రాసిన వ్యాసానికి ఉత్తరాలు వెల్లువెత్తాయి. అలాస్కావాళ్లలో చాలామందికి ఒళ్లు మండింది: తయారీ లేకుండా అడవిలోకి పోయినవాణ్ణి వీరుణ్ణి చేస్తారా అని. తినదగిన అడవి దుంపల మొక్కనుకుని విషపు మొక్కను తిన్నాడని ఆ వ్యాసంలో క్రాకౌర్ రాశాడు. 1996 పుస్తకంలో తనే దాన్ని కొట్టేశాడు. మొక్క సరైనదే, దాని గింజల్లోనే విషం ఉండి ఉంటుందన్నాడు. పదకొండేళ్ల తర్వాత పెన్ మళ్లీ పాత మాటకే వెళ్లి, కుర్రవాడు మొక్కల పుస్తకం తిరగేసి పొరపాటు తెలుసుకుని గుండె జారిపోయే దృశ్యం తీశాడు. తెరకు అదే సులువు. శాస్త్రానికి మాత్రం అన్యాయమే.

ఈ గింజల గొడవ తిరిగి తిరిగి మన కేసరి పప్పు దాకా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో వాప్నియార్కా అనే శిబిరంలో యూదు ఖైదీలకు కేసరి గింజలు తినిపిస్తే కాళ్లు పడిపోయాయి. మెకాండ్లెస్‌కూ అదే జరిగిందని 2013లో ఒక వాదం లేచింది. ఆ విషం పేరు ఓడాప్. దాన్ని కేసరి గింజల నుంచి వేరుచేసి 1964లో ప్రకటించినవాళ్లు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ. రావుగారు తర్వాత ఉస్మానియాలో పనిచేశారు. అయితే మరింత నికరమైన పరీక్షలో మెకాండ్లెస్ తిన్న మొక్క గింజల్లో ఉన్నది ఓడాప్ కాదని తేలింది. ఎల్-కెనవనైన్ అనే మరో పదార్థం బయటపడింది. 2015లో అది ప్రచురించారు. అలాస్కా రసాయన శాస్త్రవేత్త ఒకాయన ఈ విషాల వాదాలేవీ ఒప్పుకోలేదు. నా మటుకు నాకు, ముప్ఫై కిలోల మనిషికి వేరే విషం వెతకడం మీద అంత ఆసక్తి లేదు.

కుటుంబం సరేననడానికి పెన్ సుమారు పదేళ్లు ఆగాడు. ఆ ఓపిక సినిమాలో కనిపిస్తుంది. కథను జననం, కౌమారం, యౌవనం, కుటుంబం, జ్ఞానం అని అయిదు భాగాలు చేశాడు. మన ఆశ్రమాల లెక్కలో వానప్రస్థానికి ముందు గృహస్థు కావాలి. ఇక్కడ అడవికి పోయే కుర్రవాడికి దారిలో దొరికిన పరాయివాళ్లే కుటుంబమవుతారు. సినిమా బలమంతా వాళ్లలోనే ఉంది. హాల్ హోల్‌బ్రుక్ వేసిన ముసలాయన కుర్రవాడికి తోలుపని నేర్పుతాడు, అతను తన ప్రయాణమంతా బెల్టు మీద చెక్కుకుంటాడు. తర్వాత అడవిలో నడుము సన్నబడ్డకొద్దీ అదే బెల్టుకు కొత్త కన్నాలు పొడుచుకుంటాడు. ఆకలి గురించి మరో మాట చెప్పనక్కర్లేదు. ఎమిల్ హర్ష్ కుర్రవాడి వేషం కోసం పద్దెనిమిది కిలోల దాకా తగ్గాడు. సినిమాకు ఎడీ వెడర్ చేసిన పాటల్లో ఒకటి గోల్డెన్ గ్లోబ్ గెలిచింది. హోల్‌బ్రుక్‌కు ఎనభై రెండేళ్ల వయసులో ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

అసలు బస్సు దగ్గర కాకుండా దక్షిణాన ఎనభై కిలోమీటర్ల దూరంలో, కాంట్‌వెల్ దగ్గర, నకలు బస్సు పెట్టి సినిమా తీశారు. జనం మాత్రం అసలుదాని కోసమే బయల్దేరారు. అదే టెక్లనికాలో 2010లో ఒక యువతి, 2019లో కొత్తగా పెళ్లయిన మరో యువతి కొట్టుకుపోయారు. కాపాడమని కబుర్లు ఆగలేదు. చివరికి 2020 జూన్ 18న నేషనల్ గార్డ్ వాళ్లు చినూక్ హెలికాప్టర్‌తో ఆ బస్సును ఎత్తుకుపోయారు. ఇప్పుడది ఫెయిర్‌బ్యాంక్స్‌లోని యూనివర్సిటీ మ్యూజియం వారి సంరక్షణలో ఉంది. నకలు బస్సు హీలీ ఊళ్లో ఒక బీరు తయారీశాల ముందుంది, కావలసినవాళ్లు ఫొటో దిగొచ్చు.

ఎందుకు వెళ్లాడన్న ప్రశ్న ఇంతకన్నా నెమ్మదిగా తేలింది. ఇంట్లో జరిగిందంతా చెల్లెలు కరీన్‌ క్రాకౌర్‌కు ముందే చెప్పింది, రాయొద్దని మాట తీసుకుంది. పుస్తకంలో తండ్రి తొలి సంసారం గుట్టు ఉంది, దెబ్బల సంగతి లేదు. సినిమాలో ఆ దెబ్బలు రెండు మూడు మెరుపుల్లా వచ్చిపోతాయి, పైన చెల్లెలి గొంతు వినిపిస్తుంది. 2014లో ఆవిడే సొంత పుస్తకం రాసి, తండ్రి చేతిలో తల్లీ పిల్లలూ పడ్డదంతా బయటపెట్టింది. తల్లిదండ్రులు దాన్ని కల్పన అన్నారు. నేను ఆవిడ మాటే నమ్ముతాను. నమ్మాక సినిమా మళ్లీ చూస్తే, డబ్బునూ ఉద్యోగాన్నీ నాగరికతనూ తిడుతూ కుర్రవాడు చెప్పే ఉపన్యాసాలు అంత ముఖ్యమనిపించవు. అతను వదిలిపోయింది సమాజాన్ని కాదు, అన్నాండేల్‌లోని ఒక ఇంటిని.