సంక్రాంతి సజ్జ బూరె ఏమైంది?



సంక్రాంతి అనగానే నేడు అందరి నోటా వచ్చే మాట అరిసెలు. కాని పల్నాటి మెట్టల్లో, ప్రకాశం జిల్లా పల్లెల్లో, రాయలసీమలో చాలా ఇళ్ళలో పూర్వం పండుగకు పొంగినది సజ్జ బూరె. వరి పండని ఊళ్ళో అరిసెకు బియ్యం ఎక్కడివి? తొలకరికి గొర్రుతో విత్తిన సజ్జ 80, 90 రోజుల్లో చేతికి వచ్చేది. గింజ మనకు, చొప్ప పశువులకు. చేలో పండినదే పండుగకు పిండివంట అయ్యేది.

దాని వంట తెలియనివారు వినండి. సజ్జలను రోట్లో దంచి, పొట్టు చెరిగి, తిరగలిలో విసిరేవారు. సజ్జ పిండికి గోధుమ పిండి వలె సాగే గుణం లేదు. కనుక వేడి బెల్లపు నీళ్ళు పోసి, నువ్వులు, ఏలకులు వేసి మర్దించి, ఆకు మీద తట్టి నూనెలో వేసేవారు. రుచి అందరిదీ, రెక్కల కష్టం మాత్రం ఆడవారిదే!

మరి ఈ వంట ఎందుకు వెనుకపడింది? నాలుక మారిందని కొందరంటారు. అంతకన్న ముందు చేను మారింది. 1965లో వచ్చిన హెచ్.బి.1 సంకర సజ్జ దేశంలో ఆశలు రేపింది; కొన్నేళ్ళకే వెర్రికంకి తెగులుకు లొంగిపోయింది. 1967లో నాగార్జునసాగర్ నీరు కాలువలకెక్కింది. నీరు అందిన చోట వరి, మిరప, పత్తి వచ్చాయి. అనంతపురం వైపు వేరుశనగ పరచుకున్నది. 1983లో కిలో బియ్యం 2 రూపాయల పథకం వచ్చి మెట్ట ఇంట కూడా రోజూ వరి అన్నం ఉడికింది. ఆకలి తీర్చిన మేలును కాదనరాదు. కాని సజ్జ తినడం బీదతనమనే చిన్నచూపు కూడా దానితోపాటే పెరిగింది.

ఇంకొక కారణం పిండిలోనే ఉంది. సజ్జలో కొవ్వు నూటికి 5 పాళ్ళ వరకు ఉంటుంది. విసిరిన పిండి నిలవుంటే ఆ కొవ్వు చెడి, కొద్ది రోజుల్లోనే చేదెక్కుతుంది. తిరగలి ఇంట్లో ఉన్నప్పుడు ఏ పూటకాపూట విసురుకున్నారు. తిరగలి అటకెక్కాక, నెలకొకసారి మరపట్టించే ఇంట సజ్జకు చోటు చిక్కలేదు.

పోయింది రుచి ఒక్కటే అయితే చింత లేదు. 100 గ్రాముల సజ్జల్లో ఇనుము 6 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది; తెల్ల బియ్యంలో 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. రక్తహీనతతో నీరసించే తల్లులు, పిల్లలు ఉన్న పల్లెలకు ఇది చిన్న సంగతి కాదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సభలు జరిగాయి, మంచిదే. గింజ గాదెకు రావాలంటే మాత్రం చేలో విత్తనం పడాలి.

కనుక మెట్ట రైతులు ఇంటి మందమైనా, పది ఇరవై సెంట్లలో తెగులు తట్టుకొనే రకం సజ్జ వేయండి. పిట్టల బెడద ఉంటుంది గనుక ఇరుగుపొరుగు కలిసి ఒకే చోట వేస్తే కాపలా తేలిక. సజ్జలను మరిగే నీటిలో కొద్ది క్షణాలు ముంచి తీసి, బాగా ఆరబెట్టి మరపట్టిస్తే పిండి అంత త్వరగా చేదెక్కదు. విస్తరణ కార్యకర్తలారా, మీరు విత్తనం సంగతితో పాటు ఈ పిండి సంగతి కూడా మహిళా సంఘాలలో చెప్పండి. వంటిల్లు అడిగితేనే చేను పండిస్తుంది.