పందేనికి ముందు పందెం

1950 సెప్టెంబరు 4న అమెరికాలో, సౌత్ కరోలినాలోని డార్లింగ్టన్ ట్రాక్ మీద 75 కార్లు వరసకు మూడేసి చొప్పున బారులు తీరాయి. 500 మైళ్ల పందెం. గెలిచినవాడు జానీ మాంజ్. బయల్దేరింది 43వ స్థానంలో! ఈ ముక్క చదివాక నాకు భలే ముచ్చటేసింది. ముందు ఎవరు, వెనక ఎవరు అని తేల్చే తతంగం ఎలా మొదలైందా అని ఆరా తీశాను.

1911లో ఇండియానాపొలిస్ తొలి 500 మైళ్ల పందెంలో ఆ పని చేసింది తపాలా. ఎవరి దరఖాస్తు ముందు అందితే వాళ్లది ముందు చోటు. 28వ చోటు దక్కిన రే హారూన్ గెలిచాడు. 1915 నుంచి అక్కడ వేగమే కొలమానమైంది. దుకాణంలో అమ్మే మామూలు కార్ల పోటీలకు నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది.

ఆ సంస్థ పందెమే జరిగిన డార్లింగ్టన్‌కు మళ్లీ వస్తాను. అక్కణ్నుంచి కదలబుద్ధి కావడం లేదు. హెరాల్డ్ బ్రేసింగ్టన్ ఈ ట్రాక్ కట్టేటప్పుడు, స్థలం అమ్మిన షెర్మన్ రామ్సే తన చేపల చెరువు జోలికి రావద్దన్నాడట. చెరువు మిగిలింది, ట్రాక్ ఓ కొస నొక్కుకుపోయి కోడిగుడ్డులా తయారైంది. ఎవరు ముందో, ఎవరు వెనకో తేల్చే క్వాలిఫయింగ్ రెండు వారాలు సాగింది. మొదటి రోజు నెగ్గినవాళ్లది ముందు వరస. తర్వాతి రోజుల్లో ఎంత జోరుగా తిప్పినా వాళ్ల వెనకే. గంటకు 82 మైళ్ల వేగంతో కర్టిస్ టర్నర్ పోల్ పొజిషన్, అంటే అందరికన్నా ముందు చోటు, కొట్టాడు. తీరా పందెంలో, జోరుగా పోయిన బరువైన కార్ల టైర్లు ఒక్కొక్కటే పేలిపోయాయి. మాంజ్ తన తేలికపాటి ప్లిమత్‌కు గట్టి లారీ టైర్లు వేసుకొచ్చాడు. నింపాదిగా, సగటున 75 మైళ్ల వేగంతో నడిపి అందర్నీ దాటేశాడు.

ప్రాక్టీస్‌కూ ఇలాంటి కథే ఉంది. 1960లో డేటోనా ట్రాక్ మీద జూనియర్ జాన్సన్ నడిపిన షెవ్రొలె, పోటీ కార్ల ముందు తీసికట్టు. ప్రాక్టీస్‌లో ఓ పాంటియాక్ వెనక అంటుకుని పోతే, ముందు కారు గాలిని చీల్చడం వల్ల తనదీ అంతే వేగం అందుకుంటోందని కనిపెట్టాడు. డేటోనా 500 గెలిచాడు.

తర్వాత అంతా వేగమే. 1987లో టల్లడేగా ట్రాక్ మీద బిల్ ఎలియట్ క్వాలిఫయింగ్ వేగం గంటకు 212.809 మైళ్లు. ఆ పందెంలోనే బాబీ ఆలిసన్ కారు ఎగిరి కంచెకు గుద్దుకుంది. మరుసటేడు నుంచి ఇలాంటి పెద్ద ట్రాకుల మీద ఇంజిన్లకు గాలి తగ్గించే పలకలు బిగించారు. ఎలియట్ వేగం రికార్డు నేటికీ చెరగలేదు.

2019లో కాలిఫోర్నియాలో మరీ విడ్డూరం. క్వాలిఫయింగ్ చివరి రౌండులో పన్నెండు మంది డ్రైవర్లూ, ఇంకొకడు ముందు కదిలితే వాడి వెనక దూరిపోదామని కాచుకుని కూర్చున్నారు. గడువు ముగిసింది, ఒక్కరికీ టైము నమోదు కాలేదు. జనం ఈలలతో వెక్కిరించారు. మరుసటేడు కరోనా వచ్చి, చాలా పందేలకు వరస తేల్చడానికి చీటీలే దిక్కయ్యాయి.

ఇప్పుడు నాస్కార్ మామూలు పందేలకు ప్రాక్టీస్ అరగంట కూడా ఉండదు. ఖర్చు తగ్గిందని లెక్కలు చెబుతారు. కానీ జాన్సన్‌కు తట్టిన ఉపాయం, మాంజ్‌కు పనికొచ్చిన టైర్లు స్టాప్‌వాచ్‌కు అందేవి కావు. అలాంటివాళ్లు మళ్లీ పుట్టుకు రావాలంటే ట్రాక్ మీద తీరుబడి ఇవ్వాల్సిందే.