తష్రీఖ్ ఎండ నుంచి డీహైడ్రేటర్ దాకా

జుల్‌హిజ్జా 11, 12, 13 తారీఖులను అయ్యామె తష్రీఖ్ అంటాం. ఆ రోజుల్లో నమాజుల తర్వాత తక్బీర్ చదువుతాం గానీ, ఆ లఫ్జ్‌కు మతలబ్ ఏమిటని పిల్లలడిగితే తడుముకుంటాం. మినాలో ఖుర్బానీ గోష్త్‌ను పల్చగా కోసి ఎండలో పరిచేవారు గనుక ఆ పేరొచ్చిందని ఒక వివరణ. అలా ఎండిన గోష్త్‌ను ఖదీద్ అనేవారు. ఒక ఏడు మూడు రోజులకు మించి దాచొద్దని హుకుం వచ్చింది, ఆకలితో ఊరికొచ్చిన గరీబులకు అందాలని. మరుసటి ఏడు దాచుకునే ఇజాజత్ దొరికింది.

మన ఇళ్లలో అవే ఒట్టితునకలు. ఉప్పు, పసుపు, కారం పట్టించి, ఒకదానికొకటి తగలకుండా దండెం మీద వేసేవారు దాదీలు. ఎండొక్కటే చాలదు, గాలి ఆడాలి.

1795లో ఫ్రాన్స్‌లో కూరగాయల ముక్కలపై సుమారు 40 డిగ్రీల వేడిగాలి ఆడించే గది తయారైంది. నేటి డీహైడ్రేటర్‌కు అది పర్‌దాదా అనుకోండి. వండనివే తినే రా ఫుడ్ వాళ్లు సాధారణంగా 46–48 డిగ్రీలు దాటనివ్వరు. అంజీర్‌కూ మామిడికీ అది బాగానే ఉంటుంది. అందుకే కొనేటప్పుడు డిగ్రీలు మార్చుకునే థర్మోస్టాట్ చూడాలి. ఫ్యాన్ వెనక ఉంటే ట్రేలన్నీ సమంగా ఆరతాయి. కింద ఉంటే ట్రేలు మారుస్తూ కూర్చోవాలి.

గోష్త్ సంగతి వేరు. ఆ కాస్త వేడికి క్రిములు చావవు. ముందే లోపలిదాకా 71 డిగ్రీలకు వేడిచేసి ఆరబెట్టమంటుంది అమెరికా వ్యవసాయ శాఖ. మన ఒట్టితునకలైనా తినేముందు ఉడికించేవే, పచ్చిగా నమిలేవి కావు.