యంత్రము నేర్చిన రసాయనము

1965లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్, జన్యుశాస్త్రజ్ఞుడు జాషువా లెడర్‌బర్గ్ ‘డెండ్రాల్’ అను కృత్రిమ మేధా పరిశోధనమును ప్రారంభించిరి. అణువును బ్రద్దలు చేయగా వచ్చిన తునుకల బరువులనుబట్టి దాని నిర్మాణమును కంప్యూటరు ఊహింపవలెను. అందులకు తర్కమొక్కటియే చాలలేదు. రసాయనజ్ఞుల అనుభవమును సూత్రములుగా అందింపవలసివచ్చెను. చేయి తిరిగిన పండితునకు తెలిసినదెల్ల నోటికి రాదు గదా! దానిని రాబట్టుటకే ఎంతో కాలము పట్టెను.

కావున బ్రూస్ బుకానన్ ప్రభృతులు ‘మెటా-డెండ్రాల్’ నిర్మించిరి. ప్రయోగఫలితములను చూపగా అది సూత్రములను తానే అల్లెను. స్టెరాయిడులలో ఒక తెగను గూర్చి అది కనుగొన్నవి రసాయనజ్ఞులకును క్రొత్తవి. 1976లో రసాయనశాస్త్ర పత్రికలో ప్రకటితమైనవి. ఐనను ఏ పదార్థములను పరీక్షింపవలెనో నిర్ణయించినవారు మనుష్యులే.

1994లో ఫైగెన్‌బామ్‌తో ట్యూరింగ్ పురస్కారమును పంచుకొన్నవారు, యంత్రమునకు మాట వినుట నేర్పిన రాజ్ రెడ్డి. జన్మస్థలము నాటి చిత్తూరు జిల్లా కాటూరు.