తరిమెన ఉలుల సొంత తయారీ

తరిమెన (లేత్) మీద తిరిగే కర్రను చెక్కే ఉలులను పనివారు తామే తయారు చేసుకోవడం పాత సంప్రదాయం. పనిముట్టుకు వాడే ఉక్కు మారినకొద్దీ ఈ తయారీ పద్ధతీ మారుతూ వచ్చింది.

తొలి దశ

ఈజిప్టులో క్రీ.పూ. 300 ప్రాంతానికి చెందిన పెటోసిరిస్ సమాధి గోడ మీద ఇద్దరు మనుషులు నడిపే తరిమెన చెక్కి ఉంది. ఇంగ్లండులో జోసెఫ్ మాక్సన్ 17వ శతాబ్దం చివర రాసిన ‘మెకానిక్ ఎక్సర్‌సైజెస్’లో తరిమెన పనిని, అందులో వాడే కొక్కెపు ఉలులను వివరించాడు. గిన్నె లోపలిని తొలవడానికి కొన వంగిన ఇలాంటి ఉలులే అనువు. ఇంగ్లండులోని బకిల్‌బరీలో కాలితో నడిపే తరిమెన మీద గిన్నెలు చేసిన జార్జ్ లైలీ 1958లో మరణించాడు. ఆయన తరిమెన, పనిముట్లు రెడింగ్‌లోని గ్రామీణ జీవన మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

కొలిమి నుంచి సానకు

1740లలో షెఫీల్డ్ వద్ద బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరిగించే పద్ధతిని నెలకొల్పడంతో ఆ ఊరు పనిముట్ల ఉక్కుకు పేరుపొందింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే దక్షిణ భారతంలో మూస ఉక్కు తయారయ్యేది. తెలంగాణలోని కోనసముద్రం అందుకు ప్రసిద్ధి.

కర్బనం ఎక్కువున్న ఉక్కుతో ఇంట్లోనే ఉలి చేసుకోవచ్చు. అందుకే అలాంటి ఉక్కుతో చేసిన పాత ఆకురాళ్లు చాలామందికి ముడిసరుకయ్యాయి. కడ్డీని కాల్చి, సాగగొట్టి, రూపం దిద్దుతారు. అయస్కాంతానికి అంటనంత వేడి (సుమారు 770 డిగ్రీల సెల్సియస్) దాటాక నూనెలో ముంచుతారు. అప్పుడు ఉక్కు గట్టిపడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది. లేత గడ్డిరంగు తేలేదాకా, అంటే 220–230 డిగ్రీల దాకా మళ్లీ వేడిచేస్తే ఆ పెళుసుతనం తగ్గుతుంది.

అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ రూపొందించిన హైస్పీడ్ స్టీలును 1900 పారిస్ ప్రదర్శనలో చూపారు. అది సుమారు 600 డిగ్రీల వేడిలోనూ గట్టిదనాన్ని నిలుపుకుంటుంది. దాన్ని గట్టిపరచాలంటే 1,200 డిగ్రీల దరిదాపు వేడి కావాలి. మామూలు ఇంటి కొలిమిలో అంత వేడిని అదుపుగా సాధించడం కష్టం. అందుకే ముందే గట్టిపరచిన కడ్డీలను కొని, సానపట్టి, పిడి బిగించుకోవడం వాడుకలోకి వచ్చింది. మెత్తటి ఇనుప కడ్డీ కొసకు చిన్న కార్బైడ్ బిళ్లను మరతో బిగించే పద్ధతి ఇటీవలిది.

కొత్త ఆకారాలు, కొత్త పనిముట్లు

1970లలో అమెరికన్ కళాకారుడు డేవిడ్ ఎల్స్‌వర్త్ సన్నని మూతిగల బోలు పాత్రలను చెక్కడానికి వంపు ఉలులను రూపొందించాడు. సన్నని రంధ్రం గుండా లోపలి గోడను చెక్కాలంటే మామూలు తిన్నని ఉలి అందదు.

పనిముట్టు ఎప్పుడూ ఉక్కుదే కానక్కర లేదు. ఆంధ్రప్రదేశ్‌లోని ఏటికొప్పాకలో అంకుడు కర్రతో తరిమెన మీద లక్క బొమ్మలు చేస్తారు. తిరిగే బొమ్మకు ఒరిపిడి వేడితో లక్క పట్టించి, మొగలి ఆకుతో నునుపు తెస్తారు. దగ్గర్లో దొరికే ఆకునే పనిముట్టుగా మలచుకున్న నేర్పు అది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

జాగ్రత్త

ఆకురాయి సహజంగా పెళుసు. పెళుసుతనం తగ్గించకుండా దాన్ని సానపట్టి ఉలిగా వాడితే, తిరిగే కర్ర తగిలినప్పుడు విరిగి ముక్కలు ఎగరవచ్చు. కాబట్టి పెళుసుతనం తీసిన ఉలినే తరిమెన మీద పెట్టాలి, కళ్లకు రక్షణ తప్పనిసరి.