కోవిడ్ కాలంలో శస్త్రచికిత్స అనంతర జ్వరం

ఆపరేషన్ అయిన రోగికి ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటితే దాన్ని శస్త్రచికిత్స అనంతర జ్వరంగా లెక్కిస్తారు. మొదటి 48 గంటల్లో వచ్చే జ్వరానికి చాలావరకు ఇన్ఫెక్షన్ కారణం కాదు. కోతకు గురైన కణజాలం విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్ల వల్ల వచ్చి, దానంతటదే తగ్గుతుంది. మూడో రోజు దాటాక వచ్చే జ్వరానికి మాత్రం కారణం వెతకాల్సిందే. మూత్రం గొట్టం వల్ల ఇన్ఫెక్షన్, న్యుమోనియా, కాలి సిరల్లో గడ్డలు, కుట్ల దగ్గర చీము, అన్నిటికన్నా ప్రమాదకరంగా లోపల పేగు కుట్టు విడిపోవడం ఆ కారణాల్లో కొన్ని.

2020లో కోవిడ్ ఈ లెక్కను తారుమారు చేసింది. అప్పట్లో వైరస్ సోకాక లక్షణాలు కనిపించడానికి 2 నుంచి 14 రోజులు, సగటున అయిదు రోజులు పట్టేది. ఆరోగ్యంగా కనిపిస్తూ థియేటర్‌లోకి వెళ్లిన మనిషికి, సరిగ్గా కుట్లు చీముపట్టే రోజుల్లోనే కోవిడ్ జ్వరం మొదలయ్యేది. అదే ఏడాది మే నెలలో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన కోవిడ్‌సర్జ్ అధ్యయనం 24 దేశాల్లో ఆపరేషన్ వేళ కోవిడ్ సోకిన 1,128 మందిని పరిశీలించింది. వారిలో 23.8 శాతం మంది 30 రోజుల్లోపే చనిపోయారు.

రక్తపరీక్షలు ఇక్కడ పెద్దగా ఆదుకోవు. వాపును తెలిపే సీఆర్‌పీ, రక్తం గడ్డకట్టడాన్ని తెలిపే డీ-డైమర్ పెరగడం, లింఫోసైట్లు తగ్గడం కోవిడ్‌లో ఉన్నట్టే మామూలు ఆపరేషన్ తర్వాత కూడా ఉంటాయి. ఆర్‌టీ-పీసీఆర్ తొలి రోజుల్లో నెగెటివ్ రావచ్చు. అనుమానం బలంగా ఉంటే పరీక్ష మళ్లీ చేస్తారు, అవసరమైతే ఛాతీకి సీటీ తీస్తారు.

అందుకే రోగిని విడిగా ఉంచి స్వాబ్ పంపడంతోపాటు, రక్షణ దుస్తులు వేసుకుని అప్పుడే కట్టు విప్పి గాయాన్ని చూడాలి, పొట్ట తడిమి చూడాలి, పిక్కల్లో వాపు ఉందేమో పరీక్షించాలి. అనుమానాన్ని బట్టి రక్తం, మూత్రం కల్చర్‌కు పంపుతారు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన వెతకడం ఆపకూడదు. కోవిడ్ ఉన్న మనిషికీ పేగు కుట్టు విడిపోవచ్చు. అది విడిపోయిన రోగి రిపోర్టు కోసం ఎదురుచూస్తే ప్రాణానికే ముప్పు. పారాసిటమాల్ వేడిని తగ్గిస్తుందే తప్ప కారణాన్ని తీసివేయదు. పెద్దలకు రోజుకు 4 గ్రాములు మించకూడదు. జ్వరం ఉందన్న ఒక్క కారణంతో యాంటీబయోటిక్ మొదలుపెట్టడం సరికాదు.

త్వరగా ఇంటికి పంపేసిన రోగుల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. జ్వరంతో పాటు ఆయాసం, కుట్ల చుట్టూ ఎరుపు, చీము, పొట్ట ఉబ్బరం, ఒక కాలు వాపు కనిపిస్తే కోవిడ్ భయంతో ఇంట్లోనే ఉండిపోకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి.