పొలం గట్టు నుంచి ముర్గీచౌక్ దాకా: ఉచ్చు పుట్టుపూర్వోత్తరాలు

సాయంత్రమైతే మొఘల్‌పురా మేడల మీద పావురాల గుంపులు చక్కర్లు కొడతాయి. పాతబస్తీలో కబూతర్‌బాజీ తరాల నాటి సరదా. కొత్త జత కావాలంటే చార్మినార్ దాటి, లాడ్‌బజార్ వెనక మహబూబ్ చౌక్‌కు పోవాలి. 1892లో ఆస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం ఉన్న చోటు అది. ఊరు దానికి పెట్టుకున్న పేరు ముర్గీచౌక్. కోడీ పావురమూ ఇంటి పట్టున పొదిగి పెరిగేవి. తీతర్, బటేర్ (పూరేడు), రామచిలుక, జీనువాయి అలా కాదు. అవి ఒకప్పుడు తుమ్మతోపుల నుంచి, జొన్నచేల నుంచి వచ్చి ఇలాంటి పంజరాల్లో పడ్డాయి. ఆ దారి పొడుగునా నడిచింది ఉచ్చు.

ఉచ్చు చూడటానికి ఏమీ ఉండదు. నేలలో గుచ్చిన సన్నటి పుల్లలు, వాటికి వేలాడే జారుముడులు, అన్నిటినీ కలిపే ఒక తాడు. నైలాన్ రాకముందు ముడికి గుర్రపు తోక వెంట్రుకో, జంతువు నరమో వాడేవాళ్లు. మడిస్తే భుజాన వేసుకుని పోవచ్చు. దాని బలమంతా వేసేవాడి తెలివిలో ఉంది. కౌజుపిట్టనే తీసుకోండి, పాతబస్తీ మాటలో తీతర్. మగ కౌజు తన మేర తనదే అనుకునే జీవి. మరో మగదాని కూత వినిపిస్తే ఆగలేదు, తరిమికొట్టడానికి నేల మీద పరుగెత్తుకొస్తుంది. అందుకే వేటగాడు పెంచిన కౌజును చిన్న బుట్టలో పెట్టి చుట్టూ ఉచ్చులు పన్నుతాడు. దాన్ని దీమం అంటారు. తెల్లవారుజామున దీమం కూస్తుంది. అడవి కౌజు దూసుకొస్తుంది. మెడకో కాలికో ముడి బిగుస్తుంది. పిట్ట స్వభావాన్నే దానికి ఉచ్చుగా మార్చిన పని ఇది. మర్రిపాలు కాచి చేసే జిగురు, నక్క కోసం పన్నే వల, ఎద్దు చాటున దాక్కుంటూ మందను సమీపించడం కూడా ఇదే విద్యలో భాగాలు.

ఈ విద్య ఎప్పుడు మొదలైందో తేదీ వేయలేం. పదహారో శతాబ్దపు ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు పెరిగింది వేటగాళ్ల పల్లెలోనే. నల్లమల చెంచులు, ఎరుకలు, యానాదులు, తెలంగాణ పల్లెల్లో పిట్టలోళ్లు, నక్కలోళ్లు తలా ఒక తీరుగా దీన్ని నిలబెట్టారు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో నక్క కూత కూసి నక్కల్ని వలలోకి రప్పించే కురువిక్కారన్ల గురించి రాశాడు. మన నక్కలోళ్లు వాళ్లే. ఊరి చివర గుడిసెలు, కుక్కలు, మగవాళ్లు తెల్లారకముందే గట్ల మీదికి పోవడం, ఆడవాళ్లు సూదులు, దబ్బనాలు, పూసల దండలు పట్టుకుని వీధి వీధి తిరగడం, ఇదీ వాళ్ల రోజు. దొరికిన మాంసం ఇంటికి, ప్రాణంతో ఉన్న పిట్ట బజారుకు. నక్క కొమ్ము పేరుతో అమ్మిన తాయెత్తు మాత్రం నక్కలకు తీరని చేటు చేసింది. అదృష్టం తెస్తుందన్న ఆ నమ్మకం వట్టిది, దాన్ని నేను వెనకేసుకు రాను.

పాదుషాల వేట కూడా ఈ చేతుల మీదే నడిచింది. మొఘల్ దర్బారులో వేట వ్యవహారాలకు మీర్‌షికార్ అనే పదవి ఉండేది. అక్బర్‌కు చీతాలంటే ప్రాణం. గోతులు తవ్వి వాటిని పట్టే తీరును అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. బోనులో చీతా ఈనడం ఆ రోజుల్లో చాలా అరుదు. అలా ఒక్కసారి పిల్లలు పుడితే జహంగీర్ దాన్ని వింతగా రాసుకున్నాడు. అంటే రాజు గద్దె పక్కన పట్టుబట్ట మీద కూర్చున్న ప్రతి చీతా వెనకా అడవిలో దాన్ని ప్రాణాలతో పట్టిన ఒక మనిషి ఉన్నాడు. అతని పేరు ఏ చరిత్రకూ అక్కరలేకపోయింది. తర్వాత తుపాకులొచ్చాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలపు షికారు ఫొటోలు రాజా దీన్‌దయాళ్ తీశాడు. వాటిలో పులి పక్కన నిలబడినవాళ్లు దొరలు, నవాబులు. 1952లో మన దేశంలో చీతా అంతరించిపోయిందని ప్రకటించారు.

ఉచ్చుకు సముద్రాల అవతల కూడా గిరాకీ పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దం చివర లండన్, పారిస్ ఆడవాళ్ల టోపీలకు రంగు ఈకలు కావాల్సొచ్చాయి. పాలపిట్ట, లకుముకి లాంటి వాటి ఈకలు మన దేశం నుంచి ఓడలెక్కాయి. 1902లో బ్రిటిష్ ఇండియా ఈకల ఎగుమతి ఆపింది. బ్రిటన్ దిగుమతిని ఆపడానికి 1921 దాకా పట్టింది. ఆ వ్యాపారం సద్దుమణిగాక ముంగిస వెంట్రుక ముందుకొచ్చింది. చిత్రకారులు మెచ్చే మెత్తని కుంచెలకు అదే సరుకు. కిలో వెంట్రుక పోగుపడాలంటే యాభై ముంగిసల దాకా చావాలి. పొలంలో ఎలుకల్నీ పాముల్నీ తినే జీవిని కొట్టి చంపి, ఆ వెంట్రుకను దళారికి ఇస్తే, అది ఉత్తరప్రదేశ్‌లో కుంచెల ఊరు షేర్‌కోట్ లాంటి చోట్లకు చేరుతుంది. పల్లెలో పట్టినవాడి చేతికి వచ్చేది చిల్లర డబ్బే. 2002లో ముంగిసకు చట్టంలో రక్షణ పెంచారు. కుంచె కొనేవాళ్లు ఆ వెంట్రుక ఎక్కడిదని ఒక్క మాట అడిగితే చాలా ముంగిసలు బతుకుతాయి.

చట్టం ఈ జనం మీద రెండు వైపుల నుంచి పడింది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా రాసింది. తర్వాతి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలు దాని కింద నలిగారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పుట్టింది అందుకే. ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. ఇరవై ఏళ్లకు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1986 సవరణ తోళ్ల వ్యాపారాన్ని నిలిపింది. 1990-91 నాటికి అడవి పిట్టల కొనుగోలు అమ్మకాలన్నీ నిషేధమయ్యాయి. ఆ నిషేధం రావాల్సిందే. లేకపోతే జీనువాయిలు ఇప్పటికే పంజరాల్లో తప్ప కనిపించేవి కావు. నాకు నొప్పి కలిగించేది మరొకటి. ఉచ్చు పట్టినవాడికి ఇంకో కూడు చూపించకుండా ఉచ్చు ఒక్కటే లాక్కున్నాం. నక్కల తెగను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చడానికి 2003 దాకా పట్టింది. చౌక్‌లో బేరాలు మారాయి. పెంపకం పూరేళ్లు, పుంజులు, విదేశీ చిలుకలు అక్కడ కొత్త సరుకు. గట్ల మీద తిరిగే మనిషికి ఆ కొత్త వ్యాపారంలో చోటు లేదు.

చోటు లేకపోయినా దసరాకు మాత్రం అతన్ని వెతుక్కుంటాం. పండగనాడు పాలపిట్టను చూస్తే మేలని మన నమ్మకం. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. పొలాలకు పోయి ఎగిరే పిట్టను చూడటం పాత ఆచారం. ఊళ్లు పెరిగి అంత దూరం పోలేక, పంజరంలో పెట్టి గుమ్మం ముందుకు తెచ్చినవాడికి డబ్బులిస్తున్నాం. దొరికిన పిట్టల రెక్కలు కట్టేసి ఉంటాయి, కొన్ని ఆకలికి చస్తాయి. అటవీ శాఖ పట్టుకునేది పిట్ట తెచ్చినవాణ్ణే, చూసి పది రూపాయలిచ్చినవాళ్లం ఇంట్లో నిశ్చింతగా ఉంటాం.

ఉచ్చు పన్నే ఆ చేతికి ఇంకో పని ఉందని కడప జిల్లా చూపించింది. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత చాలా ఏళ్లు శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు. అది అంతరించిపోయిందనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి, ముళ్లపొదల నేలలో రాత్రిపూట తిరిగే పిట్ట గురించి ఊళ్లలో అడుగుతూ పోయాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు టార్చి వెలుగులో ఆ పిట్టను ప్రాణంతో పట్టి ఇచ్చాడు. ఎనభై ఆరేళ్లు పుస్తకాలకు దొరకనిది అతనికి తెలిసిన మేరలోనే తిరుగుతోంది. పట్టిన ఆ పిట్ట బతకలేదు, కానీ కలివికోడి ఉందని లోకానికి తెలిసింది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్ట తావుల్లోకి వచ్చినప్పుడు, కాలువ దారినే మార్చారు.